అమ్మ ప్లేట్‌లెట్ల పందెం

మా ఇంట్లో గొప్పలు చెప్పుకోవడానికి సందర్భం అక్కర్లేదు. మా అమ్మ కూర కుదిరినా చెబుతుంది, మాడినా చెబుతుంది. మాడిన రోజున "గిట్ల జెర అడుగంటితెనే రుచి" అంటుంది. ఆ గుణం నాకూ వచ్చింది. దాని గురించి ఆఫీసులో నా వెనక ఏమనుకుంటారో నాకు తెలుసు, పట్టించుకోను. చెప్పుకోదగ్గది ఉన్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం కూడా ఒక రకం అబద్ధమేనని నా నమ్మకం. కాబట్టి ఇక్కడ మా అమ్మ గురించి రాసేవన్నీ గొప్పలే. గిట్టనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మాది నార్సింగి. అవుటర్ రింగు రోడ్డు రాకముందు నుంచీ అక్కడే ఉన్నాం. పొలంలో వంకాయలు, పాలకూర పండించి, గంప నెత్తిన పెట్టుకుని మెహదీపట్నం పోయి అమ్ముకొచ్చిన మనిషి మా అమ్మ. పొలం రోడ్డు కింద పోయాక, వచ్చిన డబ్బుతో నాన్న మూడంతస్తుల ఇల్లు కట్టాడు. కట్టిన కొన్నాళ్లకే పోయాడు. ఇప్పుడు కింద అమ్మా నేనూ ఉంటాం, పైన కిరాయికి ఉండేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లను అమ్మే గేటు దగ్గర నుంచి పంపించేస్తుంది. ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలిన కాస్త మట్టిలో అమ్మ ఒక బొప్పాయి చెట్టు పెంచింది. దాని పళ్లు చప్పగా ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు. ఆకులకు మాత్రం వానాకాలంలో ఉండే గిరాకీ అంతా ఇంతా కాదు.

మా వైపు ప్లేట్‌లెట్లంటే డెంగీయే. ఎటు చూసినా లేస్తున్న అపార్ట్‌మెంట్లు, వాటి పునాది గుంతల్లో వాన నీళ్లు, ఆ నీళ్లలో దోమలు. ప్రతి వానాకాలం తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు పడతారు. పదో తరగతి మార్కులు అడిగినట్టు ప్లేట్‌లెట్లు అడుగుతారు. ఎంతకు పడ్డాయి, ఎంతకు పెరిగాయి. పడితే ఇల్లంతా ఏడుపు, పెరిగితే పండగ. చదువుకున్నవాళ్లకైనా చదువులేనివాళ్లకైనా ఈ నగరంలో ప్లేట్‌లెట్ల గురించి తెలిసింది అంతే.

మా రెండో అంతస్తులో ఉండే కడప అమ్మాయికి కూడా ఒకసారి డెంగీ వచ్చింది. గచ్చిబౌలిలో ఉద్యోగం, వాళ్లవాళ్లెవరూ దగ్గర లేరు. అమ్మ పొద్దున్నే లేత ఆకులు కోసి, రోట్లో దంచి, గుడ్డలో పిండి, ఆ చేదు రసం దగ్గరుండి తాగించింది. ఆ అమ్మాయి కోలుకుంది. జ్వరం దారిన జ్వరం పోతే ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయని డాక్టర్ చెప్పాడని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు.

"నీ డాక్టరు కాయితం చూపిస్తడు. నేను మనిషిని చూపిస్త" అంది.

అప్పటి నుంచి ఆ కడప అమ్మాయి అమ్మను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీల నుంచి కార్లలో వచ్చి మా గేటు ముందు ఆకుల కోసం నిలబడేవాళ్లు. అమ్మ వాళ్లందరికీ ఇచ్చేది, ఇస్తూ ఎలా తాగాలో ఉపన్యాసం కూడా ఇచ్చేది. మిగిలిన రసం తను కూడా ఒక గుక్క వేసేది, ముందుజాగ్రత్తకి.

రెండేళ్ల తర్వాత ఒక చలికాలంలో మా ఆఫీసువాళ్లు ఉద్యోగులకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఉచితంగా రక్తపరీక్షలు పెట్టారు. హైటెక్ సిటీలో అద్దాల మేడ, పైన భోజనాల హాలు, అందులో బల్లలు జరిపి చేసిన శిబిరం. అమ్మ పట్టుచీర కట్టుకొచ్చింది. సూది గుచ్చే అమ్మాయికి ధైర్యం చెప్పింది. మా మేనేజర్‌ను చూసి "ఈ పిలగాడేనా నీకు సెలవులియ్యనిది?" అని అందరూ వినేట్టు అడిగింది. అతను ఆ తర్వాత చాలా రోజులు నాకు అడక్కుండానే సెలవులిచ్చాడు.

ఇద్దరి రిపోర్టులూ నా ఫోన్‌కు వచ్చాయి. అమ్మ షుగరు అడగలేదు, కొవ్వు అడగలేదు.

"నా ప్లేట్‌లెట్లు ఎన్ని?"

"ఆరు లక్షల ఇరవై వేలు."

"నీకు?"

"రెండు లక్షల పదివేలు."

అమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అరవై దాటిన ముసల్దాన్ని నేను. నీకు మూడింతలు!" అంది. ఆ సాయంత్రానికి ఈ సంగతి పాలవాడికి, ఇస్త్రీ అతనికి, పై అంతస్తులన్నిటికీ తెలిసింది. నేను కూడా తక్కువ తినలేదు, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మా అక్కది జొన్నరొట్టె తిన్న రక్తం" అని మా మేనమామ రాశాడు. వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. అమ్మ రిపోర్టులో రెండు ఎర్ర బాణాలున్నాయి. హిమోగ్లోబిన్ పక్కన కిందికి ఒకటి, ప్లేట్‌లెట్ల పక్కన పైకి ఒకటి. కిందికున్న బాణం చూసి ఖర్జూరాలు, బీట్‌రూట్ తెచ్చాను. పైకున్న బాణం చూసి అందరం మురిసిపోయాం.

నా ఉద్యోగం కూడా అంకెలకు కాపలా కాయడమే. కంపెనీ యంత్రాలన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో పెద్ద పెద్ద తెరల మీద చూస్తుంటాం. ఏ అంకె ఏ గీత కిందికి పడితే ఎవరి ఫోన్ మోగాలో మా బృందమే నిర్ణయిస్తుంది. పడితేనే మోగుతుంది. పెరిగితే మోగేట్టు పెట్టాలని మాలో ఎవరికీ తట్టలేదు. పెరిగితే బాధ ఏముంటుంది?

ఆ తర్వాత కొన్నాళ్లకు అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. మా సందు చివర క్లినిక్‌లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక యువ డాక్టరమ్మ ఉంటుంది, ఆవిడకు చూపించాను. ఆవిడ మోకాళ్లు వంచి చూసి, మందులు రాస్తోంది. అమ్మకు అంత చప్పగా ముగియడం నచ్చలేదు.

"డాక్టరమ్మా, మోకాళ్లదేముంది, అవి అందరికున్నయే. జెర నా ప్లేట్‌లెట్లు అడుగు."

ఆవిడ నవ్వింది. "ఎన్ని ఉన్నాయేంటమ్మా?"

"ఆరు లక్షలు! నా బిడ్డకు రెండే."

రాస్తున్న చేయి ఆగింది. "రిపోర్టు ఒకసారి చూపిస్తారా అండి?" అని నా వైపు తిరిగింది. ఫోన్‌లో చూసి, వేలితో పైకీ కిందికీ జరిపి, మళ్లీ చూసింది. తర్వాత అమ్మను ఒక్కొక్కటే అడిగింది. ఈమధ్య జ్వరం వచ్చిందా? దెబ్బ తగిలిందా? లేదంది అమ్మ. బరువు తగ్గారా?

"జాకెట్లు వదులైనయి. మోకాళ్లకు మంచిదే గదా."

"దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం ఏమైనా పడుతోందా అమ్మా?"

అమ్మ నా వైపు చూసింది, గోడ వైపు చూసింది. "వేడి చేసింది. మజ్జిగ తాగుతున్న" అంది. ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. నాకు ఒళ్లు మండింది. అందరికీ అన్నీ చెప్పే మనిషి, ఇది ఒక్కటి ఎలా దాచింది?

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ప్లేట్‌లెట్లు తగ్గితే అందరూ పరిగెత్తుకొస్తారండి. పెరిగితే ఎవరూ రారు. చాలామందిలో కారణం చిన్నదే ఉంటుంది. ఒంట్లో ఇనుము తగ్గినా పెరుగుతాయి, ఎక్కడైనా చీము పట్టినా పెరుగుతాయి. కానీ కారణం తెలుసుకోకుండా వదిలేయకూడదండి. ఒక్కోసారి లోపల గడ్డ ఏదైనా ఉన్నా పెరుగుతాయి."

మళ్లీ రక్తం తీశారు. అంకె తగ్గలేదు. పెద్దాసుపత్రికి పంపారు, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూశారు. పెద్దపేగులో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది.

క్యాన్సర్ డాక్టర్ పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. అమ్మను బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. అప్పటికే ఇంటర్నెట్‌లో చదవకూడనివన్నీ చదివేశాను. వైద్యానికి ముందే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న క్యాన్సర్ రోగులు మిగతావాళ్లంత బాగా కోలుకోరని ఉంది. అదే అడిగాను.

"నిజమే" అన్నాడాయన. "చాలామందిని కలిపి చూస్తే అలాగే కనిపిస్తుంది. గడ్డ తన కోసం ప్లేట్‌లెట్లు ఎక్కువ తయారయ్యేట్టు చేసుకుంటుంది. వాటిలో కొన్ని దానికి అండగా కూడా నిలబడతాయి. కానీ అది గుంపు గురించిన మాటమ్మా, మీ అమ్మగారి జాతకం కాదు. గడ్డ ఎంత లోతుకు పోయింది, ఎక్కడెక్కడికి పాకింది, అసలు లెక్క అది. ఇది పక్కనుండే సాక్ష్యం మాత్రమే."

"మరి మేం ఏం చూసుకోవాలి?"

"ఆపరేషన్ అయ్యాక మొదట కొంచెం పెరుగుతుంది, భయపడకండి. ఆ తర్వాత దిగాలి. దిగి మామూలు హద్దులో నిలబడితే మంచి సూచన. మళ్లీ పైకి లేస్తే మాత్రం ఎందుకు లేచిందో వెతుకుతాం."

అంటే ఆరు లక్షలు పడాలి. పడ్డాక మళ్లీ లేవకూడదు. మా అమ్మ ఊరంతా చాటుకున్న అంకె మీదే ఇప్పుడు మా అమ్మ ప్రాణం గురించిన ఆశంతా పెట్టుకోవాలి, అదీ తలకిందులుగా. బయటికొచ్చి మేనమామకు ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాట అన్నాడు. "అక్కకు చెప్పకు. ఉత్త గడ్డ అని చెప్పు. బెంగతోనే పోతది." మా చుట్టాల్లో ఇదే పద్ధతి. రోగం పేరు ఊరందరికీ తెలుస్తుంది, రోగికి తప్ప.

ఇంటికి తిరిగొచ్చే క్యాబ్‌లో అమ్మ అడిగింది. "నా ఆరు లక్షల గురించి ఏమన్నడే?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ ముఖం చూస్తే చెప్పలేకపోయాను. ఆశగా పొగడ్త కోసం చూస్తున్న ముఖం. క్యాన్సర్ అని చెప్పాను. ఆ ఆరు లక్షలు బలం వల్ల వచ్చినవి కావని, గడ్డ వల్ల పెరిగినవని కూడా చెప్పాను. అమ్మ కిటికీ వైపు తిరిగింది. కోకాపేట మేడలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. మా అమ్మ అంతసేపు నోరు మెదపకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. రోగం కన్నా నాకు ఆ మౌనమే ఎక్కువ భయమేసింది. నేనే ఆమెను విరిచేశాననుకున్నాను.

మా సందు మలుపు దగ్గర అంది. "ఇంట్ల దొంగ జొర్రిండని కుక్క మొరిగింది. మనం కుక్క గొంతు మంచిగున్నదని మురిసినం. గంతే గదా?"

"గంతే అమ్మా."

"మొరిగింది గదా మరి. మొరగకపోతె డాక్టరమ్మకు ఎట్ల ఎర్కైతుండె?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమె గొప్పలు చెప్పుకోకపోయి ఉంటే ఆ రోజు మోకాళ్ల మందులు తీసుకుని ఇంటికి వచ్చేసేవాళ్లం. ఆ ప్లేట్‌లెట్లలో కొన్ని గడ్డకే అండగా ఉంటాయట అని కూడా చెప్పేశాను, ఎలాగూ చెప్పాను కదా అని. అమ్మకు కోపమొచ్చింది.

"నా ఇంట్ల ఉండి, నా అన్నం దిని, దొంగకు కాపలానా? కిరాయి గూడ కట్టరు. ఖాళీ చేపియ్యుర్రి."

ఆ తర్వాత అమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది. మరునాడు పొద్దున గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆరు లక్షల సంగతి ఎవరెవరికి చెప్పిందో వాళ్లందరినీ ఆపి, అదే గొంతుతో చెప్పింది. "నేను జెప్పింది తప్పు. నాకు క్యాన్సరట. గందుకే పెరిగినయట. ఎక్కువున్నయని మురవకుర్రి, తక్కువైనా ఎక్కువైనా డాక్టరుకు చూపించుకోవాలె." పాలవాడికి చెప్పింది, ఇస్త్రీ అతనికి చెప్పింది, ఆకుల కోసం వచ్చిన కార్లవాళ్లకు చెప్పింది. మేనమామ ఫోన్‌లో లబోదిబోమన్నాడు. నేను చాలా పెద్ద ఉద్యోగుల్ని చూశాను. చెప్పిన అంకె తప్పని తేలితే కమిటీ వేస్తారు, కొత్త రంగులతో కొత్త పటం గీయిస్తారు, కింది వాళ్ల మీదికి తోస్తారు. చాటిన నోటితోనే అందరి ముందూ వెనక్కి తీసుకున్న మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె మా అమ్మ.

ఆఫీసులో కూడా ఆ వారమే ప్రతి అంకెకూ పై గీత పెట్టించాను. ఇప్పుడు పెరిగినా ఫోన్ మోగుతుంది. కారణం చెప్పాను కాబట్టి మావాళ్లు దానికి 'ఆంటీ గీత' అని పేరు పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు కూడా అదే పేరుతో నేర్పిస్తున్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ పేగు దాటి దూరం పోలేదు, పక్కన ఉన్న లింఫు గ్రంథుల్లో కొంచెం కనిపించింది, అందుకని కీమో కూడా ఇవ్వాలన్నారు. కుట్లు మానాక మొదటి రక్తపరీక్షకు మా సందులో ఉన్న ల్యాబ్‌కు తీసుకెళ్లాను. అమ్మ కుర్చీలో కూర్చుంది కానీ చేయి చాపలేదు.

"ముందుగల నువ్వు ఇయ్యి" అంది నాతో.

"నాకెందుకమ్మా?"

"నా ఒక్కదానికే అయితె రోగం లెక్క ఉంటది. ఇద్దరికైతె పందెం లెక్క ఉంటది."

ల్యాబ్ అమ్మాయి నా ముఖం చూసింది. నేను డ్రెస్సు చేయి పైకి లాక్కుని కూర్చున్నాను. అప్పటి నుంచి ప్రతిసారీ ఇద్దరమూ ఇస్తున్నాం. మొదటిసారి అమ్మకు ఆరున్నర లక్షలు దాటాయి, డాక్టర్ ముందే చెప్పినట్టే. తర్వాత నాలుగు. ఆ తర్వాత మూడు. పడిన ప్రతిసారీ మా ఇంట్లో స్వీటు తెచ్చుకున్నాం. పక్కింటివాళ్లు మాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు.

కీమో మొదలయ్యాక కథ మళ్లీ అడ్డం తిరిగింది. మందు దెబ్బకు ప్లేట్‌లెట్లు డెబ్బై వేలకు పడిపోయాయి. పెరిగేదాకా తర్వాతి విడత ఆపుతామన్నారు. అమ్మకు అవమానమనిపించింది. "డెబ్బై వేలా? నాకా?" అని అటు తిరిగి పడుకుంది. ఈ సంగతి విని రెండో అంతస్తు కడప అమ్మాయి గ్లాసు పట్టుకుని దిగొచ్చింది. మా చెట్టు ఆకులే కోసి, మా రోట్లోనే దంచిందట.

"పెద్దమ్మా, ఆ పొద్దు నాకు నువ్వు తాపినావు. ఈ పొద్దు నీకు నేను తెచ్చినాను. వద్దనగాకు."

అమ్మ లేచి కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో తీసుకుంది. "ఈ మందు నడుస్తున్నన్ని రోజులు ఏది తాగినా అడిగి తాగుమన్నడు బిడ్డా" అని నన్ను ఫోన్ చేయమంది. డాక్టర్ వద్దన్నాడు, ఏ ఆకు రసమూ వద్దన్నాడు. మూడేళ్లుగా ఆ రసానికి జేజేలు కొట్టిన మా అమ్మ, ఆ పిల్ల చేయి పట్టుకుని బయటికి నడిచి, గ్లాసు బొప్పాయి చెట్టు మొదట్లో పోసింది. "దాని సొమ్ము దానికే ఇచ్చినం" అంది. ఆ అమ్మాయి నవ్వి, అమ్మ తల నిమిరి, పైకి వెళ్లి చారు కాచి పట్టుకొచ్చింది.

ఆ నెలల్లో పందెంలో నేనే గెలిచాను. "ఈసారికి నువ్వే తియ్యి" అనేది అమ్మ. నాకు గెలవడం ఒక్కసారి కూడా ఇష్టం కాలేదు. జుట్టు పలచబడింది, అరికాళ్లు తిమ్మిరెక్కేవి, నోట్లో ఏదీ సహించేది కాదు. అయినా పరీక్ష రోజున ఇస్త్రీ చీర కట్టుకుని నాకన్నా ముందు గేటు దగ్గర నిలబడేది.

కీమో అయిపోయింది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. కొన్ని నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలన్నారు. అంతా అయిపోయిందా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక్క అంకెను పట్టుకుని ఎవరూ ఆయుష్షు లెక్కగట్టలేరని నాకు బాగానే అర్థమైంది. అయినా పరీక్ష రోజు నా గుండె దాని మీదే ఉంటుంది.

మొన్నటి పరీక్ష కూడా అలాగే. పొద్దున ఇద్దరం రక్తం ఇచ్చాం. అమ్మను ఇంట్లో దింపి ఆఫీసుకు వెళ్లాను. మీటింగ్‌లో ఉండగా రెండు రిపోర్టులూ ఫోన్‌కు వచ్చాయి. తలుపు తీసుకుని బయటికొచ్చి అద్దం పక్కన నిలబడ్డాను. నాది ముందు తెరుస్తాను ఎప్పుడూ. రెండు లక్షల పదివేలు. అమ్మది తెరిచే ముందు కళ్లు మూసుకున్నాను. అమ్మ గెలవాలి, కానీ చాలా కొద్దిలో గెలవాలి. ప్రతిసారీ నేను మొక్కుకునేది ఇదే.

తెరిచాను. ఫోన్ చేశాను.

"నాకెన్ని?" అంది అమ్మ, హలో కూడా అనకుండా.

"రెండు లక్షల నలభై వేలు."

"నీకు?"

"రెండు లక్షల పది."

"ఓడినవ్!" గేటు దగ్గరే ఉన్నట్టుంది, ఎవరికో చెప్పడం వినపడింది. "నా బిడ్డ మళ్ల నాకు ఓడింది! దాని వయసుకు నా వయసుకు ఎంత తేడా!" తర్వాత ఫోన్‌లోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఎంతతోని గెల్చిన?"

"ముప్పై వేలు."

"గంతేనా?"

"గంతే అమ్మా" అన్నాను. "గంతే ఉండాలె."